కాలికి విశ్రాంతి, కంటికి కాదు



కారు నడపడం గురించి మనకెందుకమ్మా, ఊరగాయల కబుర్లు అయిపోయాయా అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. ఉదయం పూట దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా ఒకసారి చూసి రండి. పిల్లల్ని బడిలో దింపడానికి స్టీరింగు పట్టిన అమ్మలు ఎందరో కనిపిస్తారు. నేనూ నలభై మూడో ఏట నేర్చుకున్నదాన్నే. నేర్చుకోనివారు మాత్రం పక్కసీట్లో కూర్చోరా? ఈ మాటలు వారికి ఇంకా ముఖ్యం.

మొన్న సంక్రాంతికి విజయవాడ వెళ్ళి తిరిగి వస్తున్నాం. కారు మా మరిదిది, కొత్తది. సూర్యాపేట దాటాక అతను స్టీరింగు మీద ఏదో మీట నొక్కి, "ఇక చూడు వదినా, దానంతట అదే పోతుంది" అన్నాడు. 90 మీద ముల్లు కదలలేదు. సరే, ముచ్చటగానే ఉంది. కాసేపటికి చూద్దును గదా, కుడికాలు మడిచి సీటు మీదికి లాగేసుకున్నాడు! "అదేమిటయ్యా, కాలు కింద పెట్టు" అని నేనంటూనే ఉన్నాను, రోడ్డు మధ్య సందులోంచి గడ్డి ట్రాక్టరొకటి అడ్డంగా వచ్చింది. ఆ కాలు కిందికి దిగి బ్రేకు వెతుక్కునేసరికి మా ప్రాణాలు పైకి పోయినంత పనైంది. వెనకసీట్లో మా అత్తగారి ఒడిలోని అరిసెల డబ్బా ఎగిరి ముందుసీటుకు కొట్టుకుంది. ట్రాక్టరుకు మూరెడు దూరంలో ఆగాం. హైదరాబాదు చేరేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

ఆ మీట పేరు క్రూజ్ కంట్రోల్. దాని సంగతేమిటో తేల్చుకోవాలని, కారుతో ఇచ్చిన పుస్తకం ముందేసుకు కూర్చున్నాను. దీన్ని కనిపెట్టినది రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజనీరు. అయిదేళ్ళ వయసులోనే చూపు పోయిన మనిషి. ఆయన వకీలు కారు నడుపుతూ, మాట్లాడేటప్పుడు నెమ్మదించి, వినేటప్పుడు వేగం పెంచుతుంటే ఆ కుదుపులు పడలేక ఈ ఆలోచన చేశాడని చెబుతారు. 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రైస్లర్ కార్లలో అమర్చారు.

అది చేసే పని ఒక్కటే. మనం బిగించిన వేగం తగ్గితే ఇంజను జోరు పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. ముందున్న ట్రాక్టరు, గేదె, రోడ్డు దాటే ముసలమ్మ దానికి కనబడరు. పల్లంలో బండి తనంత తాను ఉరుకుతుంటే చాలా కార్లలో బ్రేకైనా వేయదు. ముందుబండిని రాడారుతోనో కెమెరాతోనో గమనించి తగ్గే రకం ఇప్పుడు వస్తున్నది గానీ, ఆగి ఉన్న లారీని, అడ్డంగా దూరిన స్కూటరును అది కూడా ఒక్కోసారి పోల్చుకోలేదు. పాలు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించాం గదా అని వీధిగుమ్మంలో కబుర్లకు నిలబడతామా?

90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు సుమండీ. కాలు వెతుక్కోవడానికి రెండు సెకన్లు పట్టిందా, 50 మీటర్లు పోయాక గానీ బ్రేకు పడదు. అందుకని కాలు బ్రేకు దగ్గరే, నేలమీదే ఉండాలి. ముందుబండి ఒక స్తంభం దాటగానే నిదానంగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. మూడు పూర్తికాకముందే మనమూ ఆ స్తంభం చేరితే మరీ దగ్గరగా పోతున్నట్టే.

మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా అసలు ఆ మీట ఊసే వద్దు. మెట్రో దిగే జనం, ఆటోలు, బస్సులు, మీకు తెలియనిదేముంది! విజయవాడ రోడ్డు మీద ఊరు కనబడగానే బ్రేకు తాకిస్తే అది వదిలేస్తుంది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఎక్కే ఔటర్ రింగు రోడ్డు కొంత నయం. 158 కిలోమీటర్ల ఆ దారిలో ద్విచక్ర వాహనాలకు, కాలినడకవారికి ప్రవేశం లేదు. 2023లో అక్కడ గరిష్ఠ వేగం 120 చేశారు గదా అని మనమూ 120కే బిగించాలని లేదు. దిగే దారి బోర్డు రాగానే మీట తీసేయాలి.

వానలో మాత్రం ఎక్కడా వద్దు. చక్రం నీటి మీద తేలి పట్టు తప్పితే ఇంజను జోరు తగ్గాలి. మీట బిగించి ఉంటే అది తోస్తూనే ఉండవచ్చు. రాత్రి ప్రయాణాల్లో ఇంకో చిక్కు. కాలికి పని లేకపోతే కునుకు త్వరగా వస్తుంది. టోలుగేటు దాటాక 'రిజ్యూమ్' నొక్కేవారినీ చూశాను. పాత వేగం అందుకోవాలని బండి ఒక్కసారిగా ఉరుకుతుంది, ముందు ఎవరున్నారో చూసుకోదు.

మా మరిది ఇప్పుడు మీట నొక్కగానే తనే అంటాడు, "వదినా, కాలు కిందే ఉంది, చూసుకో" అని. వెక్కిరింతే అనుకోండి. అయినా నేను వంగి చూస్తాను.