మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరు – దాని రకములు, వినియోగము

 

కరెంటు పోయినను ఈ పఠనమందిరమున దీపములు ఆరకుండ నిలుపుచున్న ఇన్వర్టరును మీరెల్లరు ఎరుగుదురు. అందులో బ్యాటరీ విద్యుత్తును క్షణమునకు అనేక పర్యాయములు తెరచి మూయు పని మాస్‌ఫెట్ అను నల్లని చిన్న బిళ్లది. ఇన్వర్టరు చెడినప్పుడు తరచుగా మాడునదియు అదియే. మన యువకులు కొందరు ఈ మరమ్మతు నేర్చుచున్నారు. మూడు కాళ్లున్నవి గదా యని చేతికందిన బిళ్లను అతికించినచో క్రొత్తదియు నిమిషములో కాలిపోవును. పెట్టిన రొక్కము పోవును, నేర్చువాని ధైర్యమును పోవును.

ఆ కాళ్ల పేర్లు సోర్సు, డ్రెయిను, గేటు. చెరువు తూమును తలచుకొనుడు. సోర్సు చెరువు వైపు, డ్రెయిను కాలువ వైపు, గేటు తలుపు. అయితే ఈ తలుపును నీరు తాకదు. గేటునకును క్రింది సిలికానునకును నడుమ గాజువంటి ఆక్సైడు పొర గలదు. కావున గేటులోనికి కరెంటు నిలుకడగా పారదు, వోల్టేజి చాలును. ఇట్టి దానిని 1959-60లో అమెరికా యందలి బెల్ పరిశోధనశాలలో అటల్లా, కాంగ్ అనువారు చేసి చూపిరి. ఒకరి జన్మభూమి ఈజిప్టు, మరియొకరిది కొరియా.

వోల్టేజి లేనప్పుడు మూసియుండునది ఎన్‌హాన్స్‌మెంటు రకము; తెరచియుండునది డిప్లీషను రకము. బజారున దొరకునవి చాలవరకు మొదటివే. ప్రతిదానిలోను మరల ఎన్-ఛానలు, పి-ఛానలు అని రెండు గలవు. ఎన్-ఛానలు తెరచుకొనుటకు గేటు సోర్సుకంటె పాజిటివుగా నుండవలెను. పి-ఛానలునకు నెగటివుగా నుండవలెను. ఎన్-ఛానలులో నడచు ఎలక్ట్రానులు చురుకైనవి, కనుక నిరోధము తక్కువ. ఇన్వర్టరులందు దానికే పెద్దపీట. పి-ఛానలును పాజిటివు తీగపై నుంచుట సుకరము. బ్యాటరీని తలక్రిందుగా తగిలించినను సామాను కాలకుండ కాచుటకు దానిని వాడుదురు. రెండింటిని జతచేసిన సీమాస్ పద్ధతిని 1963లో ఫ్రాంక్ వాన్‌లాస్ చూపెను. ఒకటి తెరచినప్పుడు రెండవది మూసియుండును గనుక, ఊరకున్నప్పుడు కరెంటు దాదాపు ఖర్చు కాదు. చేతిగడియారము చిన్న సెల్లుతో ఏండ్ల తరబడి నడచుటకు ఇదియొక కారణము.

ఇక మాడుట సంగతి. ఐఆర్‌ఎఫ్ 540ఎన్ అను ఎన్-ఛానలు బిళ్లకు గేటున 10 వోల్టులిచ్చినచో, చల్లగానున్నప్పుడు నిరోధము 0.044 ఓములు మించదు. 10 ఆంపియరులు పారినను వేడి 4.4 వాట్లే; అల్యూమినియము పలక బిగించిన తట్టుకొనును. పట్టికలో త్రెషోల్డు 2 నుండి 4 వోల్టులని చూచి, 5 వోల్టులు చాలునని పలువురు తలంతురు. త్రెషోల్డు తలుపు కదలుటకే గాని పూర్తిగా లేచుటకు గాదు. సగము తెరచిన తూము వద్దనే వేడి పెచ్చుపెరుగును. 5 వోల్టుల బోర్డునకు లాజిక్ లెవెల్ రకమునే అడిగి కొనుడు.

గేటు, సోర్సుల నడుమ 20 వోల్టులు మించినచో ఆక్సైడు పొరకు ముప్పు. పొడి దినములలో నైలాను బట్టల రాపిడికి మన ఒంటిపై వేల వోల్టులు చేరగలవు! బిళ్లను నల్లని స్పాంజినుండి తీయకముందే, ఎర్తు చేసిన లోహమును ఒకమారు చేతితో తాకుడు.