డ్రాప్స్ వేసినా కళ్ల మంట తగ్గట్లేదా? ముందు ఇది అడగండి

సాయంత్రమయ్యేసరికి కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, మంట. కోడింగ్ ఉద్యోగంలో ఉన్నప్పుడు నాదీ అదే పరిస్థితి. డ్రాప్స్ మార్చుకుంటూ పోయాను గానీ, అసలు కారణమేంటని డాక్టర్‌ని అడగలేదు.

కన్నీరంటే ఉత్త నీళ్లు కాదు. పైన సన్నటి నూనె పొర ఉంటుంది. ఆ నూనె రెప్పల అంచుల్లోని మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. స్క్రీన్ చూస్తూ మనం రెప్పలు సరిగా వేయం. నూనె గట్టిపడి గ్రంథులు మూసుకుపోతే కన్నీరు త్వరగా ఆవిరైపోతుంది.

దీనికి క్లినిక్‌లోనే చేసే ట్రీట్‌మెంట్లు ఉన్నాయి. లిపిఫ్లో రెప్పల్ని లోపలి నుంచి వేడి చేస్తూ, బయటి నుంచి నొక్కుతుంది. 12 నిమిషాల పని. అమెరికాలో 2011లోనే ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది.

ఇంకోటి ఐపీఎల్. కళ్లకు షీల్డ్ పెట్టి, చుట్టూ చర్మం మీద లైట్ ఫ్లాష్‌లు ఇస్తారు. మామూలుగా మూడు నాలుగు సిట్టింగులు. ఇక్కడే జాగ్రత్త! చర్మం రంగు ముదురుగా ఉంటే కాలడం, మచ్చలు పడటం జరగొచ్చు. "నా చర్మానికి ఇది సేఫేనా?" అని ముందే అడగండి.

కన్నీరే తక్కువ ఊరుతుంటే పంక్టల్ ప్లగ్. కన్నీరు బయటికి పోయే దారికి చిన్న బిరడా అన్నమాట. కంట్లో వాపు ఉంటే ముందు అది తగ్గించాలి.

ఏదీ ఒక్కసారితో జీవితాంతం పనిచేయదు. అందుకే ప్యాకేజీ రేటు అడిగేముందు ఒక్క ప్రశ్న: "డాక్టర్ గారూ, నాకు తక్కువైంది నూనెా, నీరా?" జవాబును బట్టే ట్రీట్‌మెంట్. ఉంటా మరి, రెప్పలు వేస్తూ ఉండండి!