కుళాయి నీరు - అంగడి పోటీ

అంగడిలో పది దుకాణములున్నచో కొనువానికి మేలు. సరుకు నచ్చకున్న పక్క దుకాణమునకు పోవచ్చును. ధర ఎక్కువైన బేరమాడవచ్చును. ఈ న్యాయమునే మంచినీటి సరఫరాకును, మురుగు పారుదలకును వర్తింపజేయవలెనని కొందరు ఆర్థికవేత్తలు వాదించుచున్నారు. పురపాలక సంఘముల జాప్యముతో విసిగిన పౌరులకు ఈ మాట ఇంపుగానే ఉండును. మేమును పోటీకి విరోధులము కాము. అయితే ఇది కొత్త ప్రయోగము కాదు. లండన్ నగరము దీనిని ఏనాడో చవిచూచినది.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ఆ నగరమునకు నీరు ఇచ్చినవి ప్రైవేటు కంపెనీలే. థేమ్స్ నదికి దక్షిణమున లాంబెత్ కంపెనీయు, సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీయు పెక్కు వీథులలో పక్కపక్కనే గొట్టములు వేసి, పోటీపడి ఖాతాదారులను చేర్చుకొన్నవి. ఒక ఇంటికి ఒక కంపెనీ నీరు, పొరుగింటికి మరియొక కంపెనీ నీరు. పోటీ ఇంతకంటె నిండుగా ఎక్కడ ఉండును?

1852లో లాంబెత్ కంపెనీ నగరపు మురుగు చేరని ఎగువ ప్రాంతమైన థేమ్స్ డిటన్ నుండి నీరు తీయ నారంభించినది. రెండవ కంపెనీ బాటర్సీ వద్ద మురుగు కలిసిన నీటినే తోడుచు వచ్చినది. 1854లో కలరా చెలరేగినది. జాన్ స్నో అను వైద్యుడు, మరణములు సంభవించిన ఇండ్లు ఏ కంపెనీ నీరు వాడినవో విచారణ జరిపించి లెక్క కట్టినాడు. మొదటి ఏడు వారములలో లాంబెత్ నీరు వాడిన ఇండ్లు పదివేలకు 37 మరణములు. రెండవ కంపెనీ నీరు వాడిన ఇండ్లు పదివేలకు 315.

ఇంత భేదమున్నను జనులు మంచి నీటికి ఏల మారలేదు? తమ ఇంటి నీరు ఏ కంపెనీదో పెక్కుమందికి తెలియనే తెలియదు. అట్టి చోట్ల స్నో నీటిలోని ఉప్పు పాలును రసాయనముతో పరీక్షించి, ఏ కంపెనీ నీరో గుర్తింపవలసి వచ్చినది. వంకాయను చేతితో నొక్కి చూడవచ్చును. నీటిలోని రోగమును కంటితో చూడలేము. చూడలేని సరుకులో ఎంపిక పేరునకే ఎంపిక. రెండవ కంపెనీని ఎగువకు కదల్చినది ఖాతాదారుల అలుక కాదు. 1855 ఆగస్టు వరకు గడువు పెట్టిన 1852 నాటి చట్టము. తుదకు 1904లో ఎనిమిది కంపెనీల నీటి పనులను ఒక ప్రజాసంస్థ స్వాధీనము చేసికొన్నది.

మురుగు సంగతి మరింత స్పష్టము. మన ఇంటి మురుగును చక్కగా తొలగించినందువలన కలుగు మేలు మనకెంతో, పొరుగువారికి అంతకంటె ఎక్కువ. కావున దానికి తగిన ధర ఏ ఒక్కరును ఇచ్చుకొనరు. 1858 వేసవిలో థేమ్స్ దుర్గంధము పార్లమెంటు భవనమును ముంచెత్తిన పిమ్మటనే చట్టము వచ్చినది. జోసెఫ్ బజల్‌గెట్ అను ఇంజనీరు ఆధ్వర్యమున ప్రజాసంస్థయే పెద్ద కాలువలను కట్టించినది.

అట్లయిన పోటీకి చోటే లేదా? ఉన్నది. స్కాట్లండులో గొట్టములు, శుద్ధి కేంద్రములు, మురుగు కాలువలు ప్రభుత్వ సంస్థ చేతనే ఉంచి, 2008 నుండి వ్యాపార సంస్థలకు బిల్లులు వేయుట, మీటర్లు చూచుట, పొదుపుపై సలహా లిచ్చుట మొదలగు పనులలో పోటీని అనుమతించినారు. ఈ పనులలో లోపమున్న, ఖాతాదారుడే కనిపెట్టగలడు. కోపము వచ్చిన మారగలడు. గృహములను ఈ పోటీలోనికి తేలేదు. ఇంగ్లండులో 1989లో నీటి సంస్థలు ప్రైవేటు పరమైనను, గృహములకు ఏ ప్రాంతమున ఆ ప్రాంతపు కంపెనీయే గతి. యజమాని మారుట వేరు, పోటీ వచ్చుట వేరు అని దీనివలన గ్రహింపవలెను.

మన పట్టణములలోను ట్యాంకరు నీరు, ఇరువది లీటర్ల డబ్బా నీరు అమ్మువారి మధ్య పోటీ సాగుచునే యున్నది. కొనువాడు అక్కడ పోల్చగలిగినది ధరనే గాని నీటి గుణమును కాదు. కావున నీరు ఎవరు అమ్మవలెనను ప్రశ్నకు ముందు, దానిని ఎవరు పరీక్షింతురు, ఫలితమును ఎవరికి తెలుపుదురు అని మనము అడుగవలెను. ప్రతి వార్డులోను కుళాయి నీటిని, ట్యాంకరు నీటిని పరీక్షించి, ఫలితమును అందరికిని కనబడునట్లు ప్రకటించు బాధ్యత ప్రజాసంస్థదే కావలెను. ఆ ఏర్పాటు నిలిచిన తరువాత బిల్లు ఎవరు వేసినను మనకు భయము లేదు.