విద్యార్థుల మనఃక్షేమము – సంఘధర్మము



నేడీ నరసరావుపేట మహాసభయందు విద్యను గూర్చి ప్రసంగింపుడని ఆహ్వానసంఘమువారు మమ్ము ఆదేశించిరి. విద్యాభివృద్ధిని గూర్చి ఈ వేదికపై పలుకని పెద్దలు లేరు. కావున మేము విద్యార్థి మనస్సును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

నేడు మాచర్ల, గురజాల, కారెంపూడి ప్రాంతములనుండి మన బిడ్డలు నాగార్జున విశ్వవిద్యాలయమునకును, ఈ పట్టణమందలి ఇంజనీరింగు కళాశాలలకును, విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నపట్నములకును పోయి చదువుచున్నారు. తండ్రి కౌలుపొలమున మిరపయో ప్రత్తియో పండించి, తల్లి మెడలోని గొలుసు కుదువబెట్టి, ఫీజు కట్టుచున్నారు. పిల్లవాడు పెట్టెతోపాటు ఆ ఋణభారమును గూడ మోసికొని హాస్టలు మెట్లెక్కుచున్నాడు. తెలుగున చదివి వచ్చినవానికి అచటి ఇంగ్లీషు పాఠము బోధపడదు, అడుగుటకు సిగ్గు. ఇంటినుండి టెలిఫోను వచ్చినపుడు "బాగున్నాను నాన్నా" యనును. ఆ మాటతో మనము తృప్తిపడుచున్నాము.

2022వ సంవత్సరమున మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. ఆ యేట పరీక్ష తప్పుటయే కారణమని వ్రాయబడిన మరణములు 2,248. ఇవి పరాయివారి లెక్కలని యనుకొనరాదు.

మా అనుభవమొకటి మనవి చేసెదము. కొన్నియేండ్లక్రిందట మేమొక విద్యానిధి పాలకవర్గమున నుంటిమి. రెండు సబ్జెక్టులు తప్పిన యొక పిల్లవాని వేతనమును నిబంధన ననుసరించి నిలిపివేసితిమి. అతడు సంక్రాంతికి ఇంటికి రాలేదు, ఉగాదికిని రాలేదు. తండ్రి వెదకికొనుచు పోయెను. బిడ్డ గది తలుపు మూసికొని, తిండి మాని, రాత్రులు నిద్రలేక కృశించి యుండెను. ఆ తండ్రి ఒక్క పరుషవాక్యమాడక వెంట దోడ్కొనివచ్చి వైద్యునకు చూపెను. పిల్లవాడు కోలుకొని, ఒక యేడు ఆలస్యముగా పట్టము పొందెను. తండ్రి పోకున్నచో నేమయ్యెడిదో తలచినపుడెల్ల మా గుండె ఝల్లుమనును. ఆ కాగితముపై వ్రాలు చేసినవారిలో మేము నొకరము.

దిగులు సోమరితనము గాదు. జ్వరమువలెనే అదియు చికిత్సకు లోబడు వ్యాధి. నిద్ర చెడుట, స్నేహితులకు దూరమగుట, బ్రతికి యేమి ప్రయోజనమనుట దాని గుర్తులు. "చావవలెనని తోచుచున్నదా నాయనా?" యని నెమ్మదిగా నడిగినంతమాత్రమున లేని తలంపు పుట్టదు, ఉన్న భారము దిగును. కాని మనవారు, బయటికి పొక్కినచో సంబంధములు చెడునని రోగమును దాచి, బిడ్డను పోగొట్టుకొనుచున్నారు.

చట్టము మనకంటె ముందుగా మేల్కొన్నది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనయందున్నవాడేయని యెంచి, శిక్షింపక, చికిత్స చేయింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. విశాఖపట్టణమున 2023లో మరణించిన 17 ఏండ్ల విద్యార్థిని వ్యవహారమున సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు, నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాలయమునను శిక్షణ పొందిన సలహాదారు నుంచవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను వేరుచేయరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు ఆదేశించెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో, ఏ వేళనైనను రుసుము లేక తెలుగుననే సలహా లభించును.

ఇక మన వంతు. ప్రతి వార్షికోత్సవమునను ప్రథమశ్రేణివారికి పతకము లిచ్చుచున్నాము. ఇండు. తప్పినవాని పేరు మాత్రము మన పుస్తకమునుండి కొట్టివేయుచున్నాము. కష్టము వచ్చిన దినముననే చేయి విడుచు ధర్మము ధర్మమగునా? కావున మూడు ప్రార్థనలు. పరీక్ష తప్పినంతమాత్రమున ఏ బిడ్డకును వేతనము నిలుపరాదు. ముందొక పెద్ద పోయి వానిని చూచి రావలెను. మన బిడ్డలు చదువు ప్రతి పట్టణమునను ఒక గృహస్థు నెలకొక ఆదివారము వారిని భోజనమునకు పిలిచి, మార్కుల మాట యెత్తక, కుశలమడుగవలెను. కళాశాలలో కులము పేర గుంపులు కట్టి క్రొత్తవారిని వేధించు మనవాని నెవరును వెనుకవేసికొనరాదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన గడ్డ యిది. పొరుగు కులపు బిడ్డయు ఆ ఆదివారపు పంక్తిలో కూర్చుండదగును.

కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ తరలునప్పుడు మన మందఱము చూచితిమి. ఎంత యెత్తైన ప్రభయైనను తనంత తాను నిలువదు. నలువైపుల మోకులు పట్టినవారుండుటచే ఒరగక సాగును. చదువ బోయిన మన బిడ్డయు నట్టివాడే. ఒక్కొక్క మోకును ఒక్కొక్కరు పట్టుడని మహాజనులను వేడుచు, మా ప్రసంగమును ముగించుచున్నాము.