సంతకానికి ముందు

ఇవాళ న్యాయశాస్త్ర పట్టా అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

బెజవాడలో మాట్లాడుతున్నాను కాబట్టి విశాలాంధ్ర గురించే చెప్తాను. 1952లో ఆ పేరుతో పత్రిక పుట్టిన ఊరు ఇది. మరుసటి ఏడు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది గానీ రాజధాని మనకు దక్కలేదు, కర్నూలుకు వెళ్లింది. తెలుగువాళ్లంతా ఒక్కటవ్వాలన్న కోరికలో నిజాయితీ ఉంది. సిద్ధంగా ఉన్న హైదరాబాదు, కృష్ణా గోదావరుల మీద ఒకే ప్రభుత్వం అన్న లెక్కా ఉంది.

1955లో రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ తొందరపడొద్దంది. తెలంగాణను విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపమంది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటుకు ఆ సమ్మతి అక్కర్లేదు. అయినా అడగమంది. ఆ నివేదికలో అన్నిటికన్నా విలువైన మాట అదేనని నా నమ్మకం.

ఎవరూ ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరువైపుల నుంచి నలుగురేసి కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఆంధ్ర ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి, హైదరాబాదు ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు అందులో ఉన్నారు. బూర్గుల స్వయంగా న్యాయవాది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలని రాసుకున్నారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టినప్పుడు ఏర్పడిన మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రే లేరు.

ఇక ఉద్యోగాలు. తెలంగాణ ప్రాంతీయ సంఘానికి 371వ అధికరణంలో చోటిచ్చి, ముల్కీ రక్షణను, అంటే స్థానికులకే ఉద్యోగాలన్న హామీని మాత్రం మామూలు చట్టానికి వదిలేశారు. 1957 నాటి ఆ చట్టంలోని తెలంగాణ నిబంధనను 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 16(3) అధికరణం నివాస నియమాన్ని రాష్ట్రం మొత్తానికి పెట్టనిస్తుంది, అందులో ఒక ప్రాంతానికి కాదు. అప్పటికే అక్కడ విద్యార్థులు రోడ్డెక్కారు. 1972లో పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అదే కోర్టు అంటే మన కోస్తా భగ్గుమంది. 1973లో 32వ సవరణతో స్థానికుల ఉద్యోగ రక్షణకు రాజ్యాంగంలోనే చోటిస్తూ 371-డి వచ్చింది. అది 1956లోనే రావాల్సింది.

ఈ తొందర మన ఒక్కరిదే కాదు. 1803లో లూసియానా ప్రాంతాన్ని కొంటున్నప్పుడు అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ కూడా రాజ్యాంగ సవరణ కావాలని తానే ముసాయిదా రాసుకుని, బేరం చేజారుతుందని పక్కన పెట్టాడు. దేశం రెట్టింపైంది. ఆ నేల మీది మూలవాసులను అడిగినవారు లేరు.

మీలో కొందరు రేపు ప్రభుత్వాలకు ముసాయిదాలు రాస్తారు. నాయకుడు తొందరపెడతాడు, ఆయన కోరిక మంచిదే కావచ్చు. ఈ హామీకి ఏ అధికరణం ఆధారమని ఆయన ఎదుటే అడగండి. ఏదీ లేకపోతే ముందు సవరణ, తర్వాతే సంతకం అని చెప్పండి. ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుందో ఆ ప్రజల సమ్మతి చట్టం అడగకపోయినా మీరు అడగండి.