ఏడుతో భాగించండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్లాక్‌చెయిన్ భద్రత గురించి అందరికీ అర్థమయ్యేలా చెప్పమని కార్యదర్శి గారు కోరారు. ఆ ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆ పనిలో మొదటి పాఠం నేను ఈ బడిలోనే, ఏడో తరగతిలో, దొంగగా దొరికిపోయి నేర్చుకున్నాను.

గుణకారం సరిచూడటానికి లెక్కల మాస్టారు అంకెలు కూడమనేవారు. 47ను 38తో గుణిస్తే 1786. 47లో అంకెలు కూడితే 11, మళ్లీ కూడితే 2. 38కీ అంతే, 2. రెండు రెళ్లు నాలుగు. 1786లో అంకెల మొత్తం 22, అంటే 4. సరిపోయింది. నాకేమో గుణకారమంటే బద్ధకం. కూడిక కుదిరేలా 1768 అని రాసేశాను. ఆ రోజు మాస్టారు అందరి పుస్తకాలూ బల్ల మీద పెట్టించి, అప్పుడు అన్నారు: "ఇవాళ ఏడుతో భాగించి శేషాలు చూద్దాం." 47కు 5, 38కి 3, లబ్ధం 15కు శేషం 1. నా జవాబుకు శేషం 4 వచ్చింది. "ఏ పరీక్ష పెడతానో ముందే తెలిస్తే దానికి సరిపడా అబద్ధం రాస్తావురా" అన్నారు.

ఇక అసలు విషయం. 2009లో మొదలైన బిట్‌కాయిన్‌లో ప్రతి లావాదేవీనీ వేలాది కంప్యూటర్లు ఎవరికి వారు సరిచూస్తాయి. అందుకే అది సెకనుకు సుమారు ఏడు లావాదేవీలు దాటదు. 2015లో వచ్చిన ఎథీరియం కూడా ఇదే ఇబ్బంది పడింది. దానికి మార్గంగా వచ్చినవి రోలప్‌లు. వేల లావాదేవీలను బయట లెక్కకట్టి, ఫలితాన్ని మాత్రం అసలు గొలుసు మీద రాస్తారు. ఆ ఫలితాన్ని నమ్మడమెలా? ఒక పద్ధతిలో, అభ్యంతరం చెప్పడానికి సాధారణంగా ఏడు రోజులు గడువిస్తారు. రెండో పద్ధతిలో, ఫలితంతో పాటు చిన్న గణిత నిరూపణ జతచేస్తారు. లెక్క మళ్లీ చేయకుండానే దాన్ని సరిచూడవచ్చు.

ఆ నిరూపణకు పునాది మన పదో తరగతి బహుపదులే. రెండు వేర్వేరు బహుపదుల ఘాతం పది లక్షలు అనుకోండి. అవి పది లక్షల చోట్లకు మించి ఒకే విలువ ఇవ్వలేవు. లెక్క మొత్తాన్ని బహుపదులుగా రాయించి, మార్చడానికి వీల్లేకుండా ముద్ర వేయించి, ఆ తర్వాత 77 అంకెల సంఖ్యల్లోంచి యాదృచ్ఛికంగా ఒకటి ఎంచుకుని అక్కడ విలువ అడుగుతారు. తప్పుడు లెక్క ఆ ఒక్క చోట కలిసిరావడం దాదాపు అసాధ్యం. మాస్టారి "ఏడు" ఇదే.

అయితే గొలుసు మీద సంఖ్య చెప్పే మాస్టారు ఉండరు. 1986లో ఫియట్, షమీర్ ఒక ఉపాయం చెప్పారు: నిరూపించేవాడు అప్పటిదాకా చెప్పినదంతా హాష్ చేసి, వచ్చినదాన్నే ప్రశ్నగా తీసుకోవాలి. చెప్పిన వాటిలో ఒక్క విలువను హాష్‌లో కలపడం మరిచినా, ప్రశ్న తెలిశాక ఆ విలువను మార్చుకోవచ్చు. అచ్చంగా నా 1768. ఇలాంటి లోపాలు కొన్ని నిరూపణ ప్రోగ్రాముల్లో ఉన్నాయని 2022లో ట్రెయిల్ ఆఫ్ బిట్స్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. సిద్ధాంతం తప్పు కాదు, దాన్ని ప్రోగ్రాముగా రాయడంలో తప్పు.

ప్రమాదం గణితానికి బయట కూడా ఉంటుంది. అదే ఏడాది మార్చిలో రోనిన్ అనే ఆటల గొలుసు నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది. అప్పట్లో అక్కడ ఇలాంటి నిరూపణ ఉండేది కాదు, తొమ్మిది తాళంచెవుల్లో ఐదు సంతకం చేస్తే సరిపోయేది. వాటిలో నాలుగు ఒకే సంస్థ చేతిలో ఉండేవి. నిరూపణలున్న రోలప్‌లలో కూడా, నియమాలనే మార్చగల తాళంచెవులు కొందరి దగ్గర ఉండటం మామూలే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన బ్యాచ్ మిత్రుడొకడు పదవీ విరమణ డబ్బు ఇలాంటి దాంట్లో పెట్టనా అని ఫోన్ చేశాడు. "గణితమే రుజువు చేసిందట కదరా" అన్నాడు. రుజువు చేసింది, కానీ లెక్క నియమం ప్రకారం జరిగిందని మాత్రమే. నియమం మంచిదని కాదు, రేపు మారదని కాదు, ధర నిలబడుతుందని అసలే కాదు. "ప్రోగ్రామును బయటివాళ్లు తనిఖీ చేశారా, నియమాలు మార్చే తాళంచెవులు ఎందరి దగ్గరున్నాయి, ఈ రెండూ కనుక్కో" అన్నాను. రెండు రోజులకు మళ్లీ ఫోన్ చేశాడు. రెండో ప్రశ్నకు వాళ్లు జవాబే చెప్పలేదట. పెట్టవద్దన్నాను. మీరు అడిగినా అదే చెబుతాను.

మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు. సార్, ఆ 1768 నేను కావాలనే రాశాను. మీకు అప్పుడే తెలుసని నాకూ తెలుసు. నలభై ఏళ్లు ఆలస్యమైనా ఈ సభలో ఒప్పుకుంటున్నాను.

సెలవు.