రెండు మగ్గములు, ఒక్క చీర: ఇంటి కంప్యూటరులో రెండవ గ్రాఫిక్స్ కార్డు

 

సూరతు నగరమున ఉధ్నా, లింబాయత్ పేటలలో తెలుగుమాట వినవచ్చు వీధులు పెక్కులు కలవు. తెలంగాణమునుండి వలసవచ్చిన నేతకుటుంబములు అచ్చటి మరమగ్గములను నమ్ముకొని జీవించుచున్నవి. ఆ కుటుంబములలోని పెద్దనొకని సమీపించి, "అయ్యా, మగ్గము ప్రక్కన రెండవ మగ్గమును నిలిపినచో ఇదే చీర సగము కాలములో దిగునా?" అని యడిగినచో ఆయన నవ్వి యూరకుండును. రెండు మగ్గములమీద రెండు చీరలు నేయవచ్చును. ఒక్క చీరను రెండు మగ్గములమీద నేయుట యెట్లు? పడుగు ఒక్కటే. పేకలో ముందటి పోగు పడిన పిమ్మటనే తరువాతి పోగు పడవలెను.

ఆటలకొరకు ఇంట అమర్చుకొనిన కంప్యూటరునకు రెండవ గ్రాఫిక్స్ కార్డును చేర్చు విషయములో మూలప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్న ఉద్యోగుల ఇండ్లలో ఎట్లు పుట్టునో ఊహించుట కష్టము కాదు. కళాశాలలో చదువు కుమారుడు చిరకాలము సొమ్ము కూడబెట్టి క్రొత్త కార్డును కొనును. పాతకార్డు అట్టపెట్టెలో బీరువామీదికి చేరును. కొన్ని దినములకు వాడు తండ్రిని సమీపించి, "నాన్నగారూ, పాతకార్డు ఊరకే పడియున్నది. దానినికూడ లోపల బిగించినచో ఆట రెండింతల వేగముగా నడచును. పైసా ఖర్చు లేదు" అనును. "ఖర్చు లేనిచో అట్లే కానిమ్ము, నాయనా" అని తండ్రి సెలవిచ్చును. కుమారుడు వేగమును గూర్చియు, తండ్రి ఖర్చును గూర్చియు పొరబడిరి. ఆ రెండు పొరపాట్లను సవరించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట కార్డు చేయు పనిని తెలిసికొనవలెను. తెరపై కదలిక కనబడుటకై కార్డు చిత్రము వెంట చిత్రమును గీయుచుండును. ఒక్కొక్క చిత్రమునకు ఫ్రేము అని పేరు. సామాన్యమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా ఒక్క చిత్రమునకు 20,73,600 చుక్కలు. సెకనునకు 60 చిత్రములు గీయవలసివచ్చినచో, 12 కోట్లకు పైగా చుక్కల రంగులను ఒక్క సెకనులో నిర్ణయింపవలెను. ఒక్కొక్క చిత్రమునకు లభించు వ్యవధి సెకనులో అరువదవ వంతు మాత్రమే. ఇంతటి శ్రమను ఇద్దరికి పంచవలెనను కోరిక సహజమే. అది క్రొత్తదియు కాదు.

1998వ సంవత్సరమున త్రీడీఎఫ్ఎక్స్ అను అమెరికా సంస్థ వూడూ2 అను కార్డును వెలువరించెను. అట్టి కార్డులు రెంటిని ఒక పట్టీతీగతో కలిపినచో, ఒకటి చిత్రములోని బేసి వరుసలను, మరియొకటి సరి వరుసలను గీయుచుండెను. నేతలో ఇద్దరు ఒకరి తరువాత ఒకరు పోగు వేసినట్లు ఆ యేర్పాటు చక్కగా సాగెను. నాటి ఆటలలో చిత్రములు సరళములు. ఒక వరుసకును మరియొక వరుసకును పెద్ద సంబంధము లేకుండెను. అయితే ఆ సంస్థ నిలువలేకపోయెను. దాని ఆస్తులను 2000వ సంవత్సరాంతమున ఎన్విడియా సంస్థ కొనుటకు ఒప్పుకొనెను.

ఎన్విడియా 2004లో జంటకార్డుల పద్ధతిని ఎస్ఎల్ఐ అను పాతపేరుతోనే మరల ప్రవేశపెట్టెను. మరుసటి సంవత్సరమున ఏటీఐ సంస్థ క్రాస్‌ఫైర్ అను పోటీపద్ధతిని తెచ్చెను. ఈసారి పంపకము వేరు. సామాన్యముగా ఒక కార్డు మొదటి చిత్రమును, రెండవ కార్డు తరువాతి చిత్రమును, ఇట్లు వంతులవారీగా గీయుచుండెడివి. వినుటకిది సులభము, ఆచరణలో చిక్కులు మూడు బయలుదేరెను.

మొదటిది, కాలక్రమము. రెండు కార్డులును సమానమైన వ్యవధిలో చిత్రములను అందింపనిచో, లెక్కకు చిత్రములు హెచ్చుగానే యున్నను కంటికి ఆట తడబడినట్లు తోచును. సెకనునకు ఎన్ని చిత్రములు వచ్చినవని గణించు అంకె సంతోషపెట్టును గాని, ఆడువాని కన్ను సంతోషింపదు. రెండవది, జ్ఞాపకశక్తి. ఒక్కొక్క కార్డులో 8 గిగాబైట్ల స్మృతి యున్నచో రెండింటికి కలిపి 16 కాదు. ప్రతి కార్డును ఆటలోని గోడలు, చెట్లు, మనుష్యుల రూపములన్నిటిని వేరువేరుగా తనలో దాచుకొనవలెను. కావున ఉపయోగపడునది 8 గిగాబైట్లే. మూడవది మిక్కిలి ముఖ్యమైనది. ఇటీవలి ఆటలు క్రొత్తచిత్రమును గీయుటకు ముందు పాతచిత్రములోని సమాచారమును తీసికొని అంచులను నునుపుచేయును. ముందటి పోగు పడనిదే తరువాతి పోగు పడరాదను నేతసూత్రము ఇచ్చటను వచ్చిపడినది. రెండవ కార్డు మొదటిదాని పనికై వేచియుండవలసివచ్చినచో రెండు కార్డుల ప్రయోజనమేమి?

ఇవి చాలక, ఎస్ఎల్ఐ పద్ధతికి రెండు కార్డులును ఒకే జాతివి కావలెను. బీరువామీది పాతకార్డు క్రొత్తదానికి జతకూడదు. ప్రతి ఆటకును పనిని పంచు విధానమును ప్రత్యేకముగా సిద్ధపరుపవలెను. 2015లో వచ్చిన డైరెక్ట్ఎక్స్ 12 వేరువేరు జాతుల కార్డులనుకూడ కలిపి వాడుకొను స్వేచ్ఛను ఆటల రచయితలకిచ్చెను గాని, ఆ శ్రమకు పూనుకొన్నవారు కొలదిమందియే. 2020లో వచ్చిన ఎన్విడియా ఆటకార్డుల శ్రేణిలో ఆర్‌టీఎక్స్ 3090 జాతికి మాత్రమే జతకూర్చు సౌకర్యము మిగిలెను. 2022లో వచ్చిన 4090లో అదియు లేదు. కావున "రెండు కార్డులు, రెండింతల వేగము" అనునది నేటి ఆటలకు వర్తింపదు.

అయినచో పాతకార్డు వ్యర్థమా? కాదు. దానికి వేరొక పని నప్పగింపగలిగినచో అది ఉపకరించును. చీరను ఇద్దరు కలిసి నేయలేకపోయినను, ఒకరు నేయుచుండగా మరియొకరు కండెలు చుట్టవచ్చును గదా! కొన్ని పాత ఆటలలో పొగ, గాజుపెంకులు, వస్త్రముల కదలికలను ఫిజ్ఎక్స్ అను విధానము లెక్కించును. 2025లో వచ్చిన ఎన్విడియా 50వ శ్రేణి కార్డులు బోర్డర్‌లాండ్స్ 2 వంటి 32 బిట్ల పాత ఆటలలో ఆ లెక్కలను చేయుట మానెను. అప్పుడు కొందరు ఆ పనికొరకే పాతకార్డును ప్రక్కన నిలిపి లాభము పొందిరి. అదే సంవత్సరము డిసెంబరులో కొన్ని ఆటలకు ఆ సౌకర్యము మరల వచ్చినది గనుక, తన ఆట వానిలో నున్నదేమో చూచుకొనిన పిమ్మటనే కార్డు బిగించుట తెలివి. రెండు చిత్రములనడుమ మరియొక చిత్రమును కల్పించి చేర్చు లాస్‌లెస్ స్కేలింగ్ వంటి ప్రోగ్రాములు ఆ కల్పనాకార్యమును రెండవ కార్డునకు అప్పగింపగలవు.

ఆటలకు వెలుపల రెండవ కార్డునకు గౌరవము ఇంకను హెచ్చు. బ్లెండర్ అను ఉచిత ప్రోగ్రాములో బొమ్మలకు వెలుగునీడలు దిద్దునపుడు, ఒకే చిత్రమును ముక్కలుగా విభజించి వేరువేరు కార్డులకు పంచవచ్చును. ఒక ముక్కకు మరియొక ముక్కతో పనిలేదు. ఇంట నడుపుకొను భాషానమూనాలను పొరలు పొరలుగా రెండు కార్డులలో నిలుపవచ్చును. అచ్చట రెండింటి స్మృతియు కలిసివచ్చును. పనిని విభజింపవచ్చుననిన రెండవ చేయి వరము, విభజింపరానిదైనచో భారము.

ఇక "పైసా ఖర్చు లేదు" అను మాట. మదర్‌బోర్డుమీద పొడవైన గాడి రెండవది కనబడినంతమాత్రమున దానికి పూర్తి దారులున్నవని తలపరాదు. సామాన్యమైన ప్రాసెసరు గ్రాఫిక్స్ కార్డులకు 16 దారులనిచ్చును. కొన్ని బోర్డులు వానిని 8, 8గా పంచును. పెక్కు బోర్డులలో రెండవ గాడికి 4 దారులే యుండును. బోర్డుతో వచ్చిన పుస్తకమును చదువనిదే ఈ సంగతి తెలియదు.

విద్యుత్తు విషయమున అజాగ్రత్త ప్రమాదకరము. గాడినుండి కార్డునకు 75 వాట్లకు మించి రాదు. మిగిలినది పవర్ సప్లయి తీగలద్వారా రావలెను. 6 పిన్నుల తీగ 75 వాట్లకు, 8 పిన్నులది 150 వాట్లకు నిర్ణయింపబడినవి. ప్రాసెసరు 125, క్రొత్తకార్డు 200, పాతకార్డు 120, తక్కినవి 75 వాట్లు వాడుననుకొన్నచో మొత్తము 520 అగును. 500 వాట్ల పెట్టె దీనిని మోయలేదు. కొంత మిగులుండునట్లు 650 లేక 750 వాట్ల మంచి పెట్టె కావలెను. తీగ చాలనిచో బజారులో దొరకు చౌక అతుకుతీగలతో హార్డుడిస్కు తీగనుండి కార్డునకు విద్యుత్తు తీయువారున్నారు. ఆ సాటా కనెక్టరు మోయగలది సుమారు 54 వాట్లు. దానిపై 150 వాట్ల భారము మోపినచో అది కరగి అంటుకొనవచ్చును. నిద్రించుచున్న ఇంటిలో ఇట్టి సాహసము తగదు.

నెలఖర్చునుకూడ గణింపవలెను. 120 వాట్ల కార్డు దినమునకు 4 గంటలు పూర్తిగా పనిచేసినచో నెలకు 14 యూనిట్లకు పైగా అగును. పనిలేక యున్నప్పుడును కొంత విద్యుత్తును త్రాగుచునే యుండును. ఆ విద్యుత్తంతయు తుదకు వేడిగా మారి గదిలోనికే వచ్చును. క్రిందికార్డు వేడి పైకార్డు పంకా నోటికి తగులును. సూరతు ఉక్కపోతలో, మగ్గములకు సమీపమున నున్న ఇండ్లలో నూలుధూళి పంకాలను మూసివేయుచుండగా, ఈ విషయము చిన్నదికాదు. నెలకొకసారి ధూళిని దులుపుట రెండవ కార్డు కొన్నంత మేలు చేయును.

కావున బీరువామీది పాతకార్డును దించువారు మొదట అడుగవలసినది, "దీనిని ఎక్కడ బిగింపవలెను?" అని కాదు, "దీనికి ఏ పని యున్నది?" అని. పని స్పష్టమైనచో, బోర్డును, పవర్ సప్లయిని, గాలివసతిని పరీక్షించి చేర్చుకొనవచ్చును. పని యేమియు లేనిచో, అదే కార్డునకు మరియొక యోగ్యమైన స్థానము కలదు. ఆ యింటిలో చెల్లెలు ఉండవచ్చును. సూరతు చీరల నమూనాలు నేడు కంప్యూటరు తెరలపైననే రూపొందుచున్నవి. ఆ విద్యను అభ్యసింపగోరు బాలికకు అన్నగారి పాతకార్డు, పాత మదర్‌బోర్డు, ఒక సామాన్యమైన తెర చేరినచో రెండవ కంప్యూటరునకు ఆధారము ఏర్పడును. ఆటలో కొన్ని చిత్రములు హెచ్చుటకన్న ఒక జీవనోపాధికి దారి ఏర్పడుట మిన్న.

ఇందులో ఒక చారిత్రకమైన ఔచిత్యమును కలదు. 1804లో ఫ్రాన్సుదేశపు జోసెఫ్ మేరీ జకార్డు చిల్లుల అట్టలతో మగ్గమునకు నమూనాను బోధించు యంత్రమును నిర్మించెను. ఆ అట్టలను చూచియే ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు ఆజ్ఞలిచ్చు మార్గమును ఊహించెను. మగ్గమునుండి కంప్యూటరు కొంత నేర్చుకొనినది. నేడు కంప్యూటరు తిరిగి మగ్గమునకు నమూనాల నందించి ఆ ఋణమును తీర్చుచున్నది.

రెండు మగ్గములు ఒక్క చీరను త్వరగా నేయలేవు. కాని ఇద్దరు నేర్పరులు రెండు చీరలు నేయుదురు. బీరువామీది పాతకార్డునకును ఈ న్యాయమే వర్తించును.